పీల్చి చచ్చినోడు ఏ లెక్కల ఉన్నడు?

పొద్దంతా పత్తి చేనులో మందు కొట్టి, పొద్దుగూకే వేళకు వాంతులతో కుప్పకూలిన రైతును ఆటోలో వేసుకొని దవాఖానకు తీసుకుపోతే అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న ఏమిటో మన పల్లెల్లో అందరికీ ఎరుకే. "ఎందుకు తాగిండు?" తాగలేదు సారూ, మందు కొట్టి వచ్చిండు అని ఇంటామె మొత్తుకున్నా వినే తీరిక ఎవరికీ ఉండదు. "ఇంట్ల లొల్లి అయిందా? అప్పులున్నయా?" ఇది రెండో ప్రశ్న. కేసు షీటు మీద "పాయిజనింగ్" అని ఒక్క మాట పడుతుంది. గుటకేసి మింగిన విషానికీ, ముక్కుతో పీల్చిన విషానికీ, తడిసిన అంగీలోంచి ఒంట్లోకి దిగిన విషానికీ అదే మాట. బతికితే ఇంటికి పంపుతారు. చస్తే పంచనామా రాస్తారు. ఏ మందు కొట్టాడు, ఎవరి చేనులో కొట్టాడు, ఎన్ని గంటలు కొట్టాడు, ఆ డబ్బా ఎవరు అమ్మారు అన్న సంగతులు చాలాసార్లు ఏ కాగితం మీదా ఉండవు.

ఈ వారం మేము మాట్లాడదలచుకున్నది ఆ కాగితం మీద లేని రైతు గురించే.

విషం తాగిన రైతుకు ఒక పేరుంది. ఆత్మహత్య చేసుకున్న రైతు అంటారు. ఆ పేరు కూడా ఊరికే రాలేదు. 1997-98లో వరంగల్ పత్తి రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్న తర్వాత, ఎన్నో ధర్నాలు, ఎన్నో నిజనిర్ధారణ కమిటీల తర్వాత, 2004లో ఉమ్మడి రాష్ట్రంలో 421 జీవో వచ్చింది. లక్షన్నర ఇస్తామన్నారు. తెలంగాణ వచ్చాక 2015లో 194 జీవో వచ్చింది. దాన్ని 6 లక్షలు చేశారు. ఎంతమందికి అందింది, ఎంతమందిని త్రిసభ్య కమిటీలు "నిజమైన రైతు కాదు" అని తిప్పి పంపాయి అన్నది వేరే పంచాయితీ. కనీసం అడగటానికి ఒక జీవో ఉంది. చూపించటానికి ఒక పేరుంది. విషం పీల్చిన రైతుకు పేరూ లేదు, జీవో కూడా లేదు. తాగితే సర్కారు లెక్కలో ఉంటాడు, పీలిస్తే ఉండడు. ఇదెక్కడి న్యాయం?

పెన్‌గంగ అవతలి ఒడ్డున

ఇది మా ఊహ కాదు. మన ఆదిలాబాద్ జిల్లా సరిహద్దు పెన్‌గంగ దాటితే యవత్మాల్ జిల్లా. ఇటు నల్లరేగడే, అటు నల్లరేగడే. ఇటు పత్తి, అటు పత్తి. ఇటు గోండులు, కొలాములు, అటూ వాళ్లే. 1955లో ఫజల్ అలీ కమిషన్ ప్రత్యేక రాష్ట్రాలుగా ఉండాలని చెప్పిన ప్రాంతాల్లో మనదీ ఒకటి, వాళ్ల విదర్భా ఒకటి. ఆ యవత్మాల్‌లో 2017 వానకాలం పంట మీద ఏం జరిగిందో మన పత్రికల్లో లోపలి పేజీల్లో వచ్చి పోయింది.

ఆ ఏడు పత్తి మనిషి ఎత్తు పెరిగింది. పురుగు ఉధృతి కూడా ఎక్కువైంది. పురుగు రాదని చెప్పి అమ్మిన బీటీ విత్తనానికే గులాబీ రంగు పురుగు పట్టింది. దుకాణంవాడు చెప్పిన మందు ఒకటి, పక్క చేను రైతు చెప్పిన మందు ఇంకొకటి, రెండూ కలిపి పంపులో పోసి కొట్టారు. నెత్తి మీదికి వచ్చిన చేనులో నడుస్తూ పంపు కొడితే ఆ తుంపర ఎటు పోతుంది? మొహం మీదికి, ఛాతీ మీదికి, కళ్లల్లోకి వస్తుంది. జులై నుంచి నవంబరు మధ్య ఒక్క యవత్మాల్ జిల్లాలోనే 20 మందికి పైగా చనిపోయారు. వందల మంది దవాఖానల పాలయ్యారు. కొందరికి రోజుల తరబడి చూపు మందగించింది. చనిపోయినవాళ్లలో పొలం ఉన్న రైతులున్నారు, కౌలుదార్లున్నారు, రోజు కూలికి పంపు మోసిన కూలీలున్నారు.

అప్పుడు మహారాష్ట్ర సర్కారు ఏం చేసింది? ఒక ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. చనిపోయినవాళ్ల కుటుంబాలకు 2 లక్షల చొప్పున ఇస్తామన్నది. 5 రకాల మందుల అమ్మకాన్ని కొన్ని జిల్లాల్లో 60 రోజుల పాటు ఆపింది. 60 రోజులంటే సరిగ్గా పత్తి సీజను అయిపోయే దాకా! పురుగు పోయింది, నిషేధం పోయింది, వార్త కూడా పోయింది. మిగిలింది బాధితులు. చేతులు వణుకుతున్నవాళ్లు, కళ్లు సరిగ్గా కనపడనివాళ్లు, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వచ్చేవాళ్లు. చచ్చినవాళ్లకు 2 లక్షలన్నారు సరే, బతికి చచ్చినవాళ్లకు ఏమిటి?

తప్పంతా రైతుదేనట!

యవత్మాల్‌లోనే కాదు, ఎక్కడ ఇలాంటిది జరిగినా కంపెనీలవాళ్లు, అధికారులు పాడే పాట ఒకటే. మాస్కు పెట్టుకోలేదు. గ్లౌజులు తొడుక్కోలేదు. గాలికి ఎదురు కొట్టిండు. రెండు మందులు కలిపిండు. డబ్బా మీద రాసింది చదవలేదు.

మేము కొన్ని ప్రశ్నలడుగుతాం. డబ్బా మీద రాసింది ఎంత అక్షరాలతో ఉంటుందో ఈ పాట పాడేవాళ్లు ఎప్పుడన్నా చూశారా? చదువుకున్న మనమే భూతద్దం పెట్టుకుంటే తప్ప చదవలేం. ఎర్ర త్రికోణం ఉంటే అత్యంత విషం, పసుపు ఉంటే ఎక్కువ విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ తక్కువ. ఈ నాలుగు రంగుల అర్థం దుకాణంలో మందు చేతికిచ్చేటప్పుడు ఎవరు చెబుతున్నారు? చెప్పేది ఒక్కటే, "ఇది కొట్టు, పురుగు సాఫ్." అది కూడా ఉద్దెరకు ఇచ్చే దుకాణం. పంట వచ్చాక వడ్డీతో కట్టాలి. ఉద్దెరకు తెచ్చుకునే రైతుకు ఈ మందు వద్దు, ఆ మందు కావాలి అనే అధికారం ఉంటదా?

ఇక మాస్కులు, కోట్లు. ఆశ్వయుజం ఎండలో, చేను నడుమ, 15 లీటర్ల పంపు వీపున మోస్తూ, ప్లాస్టిక్ కోటు, రబ్బరు బూట్లు, గ్లౌజులు, మాస్కు వేసుకొని ఒక గంట పనిచేసి చూపించమనండి! ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి పెట్టుకున్న పురుగుమందుల అంతర్జాతీయ నియమావళే ఈ మాట ఒప్పుకున్నది. ఉక్కగా ఉండి తొడుక్కోలేని, ఖరీదైన, దొరకని రక్షణ దుస్తులు అవసరమయ్యే మందులను వేడి దేశాల్లో చిన్న రైతుల చేత, కూలీల చేత వాడించటం మానుకోవాలని అందులో రాసి ఉంది. అంటే ఏమిటి? మాస్కు లేకుండా కొట్టటం రైతు తప్పు అనేకంటే ముందు, మాస్కు లేకుండా కొట్టలేని మందును ఈ ఎండల దేశంలో అమ్మటం ఎవరి తప్పు అని అడగాలి.

కంపెనీ తప్పు చేస్తే "నాణ్యతా లోపం". అధికారి తప్పు చేస్తే "సమన్వయ లోపం". రైతు చస్తే మాత్రం "అజాగ్రత్త"!

దవాఖానకు రాని విషం

వరంగల్ సంగతి చూద్దాం. 1997 నుంచి 2002 దాకా వరంగల్‌లోని పెద్దాసుపత్రికి పురుగుమందు విషంతో వచ్చిన కేసుల మీద 2005లో ఒక వైద్య పత్రికలో అధ్యయనం వచ్చింది. ఆ ఆరేళ్లలో చేరినవాళ్లు 8,040 మంది. నూటికి 22 మందికి పైగా బతకలేదు. 2002లో చేరినవాళ్ల వివరాలు చూస్తే నూటికి 96 మంది కావాలని తాగినవాళ్లే. అంటే, దవాఖాన లెక్క ప్రకారం చేనులో విషం సోకినవాళ్లు దాదాపు లేనట్టే!

మరి వాళ్లెక్కడున్నారు? 2003లో మన దేశంలోని 3 పత్తి ఊళ్లలో పరిశోధకులు సీజనంతా రైతుల వెంట ఉండి, మందు కొట్టిన ప్రతిసారీ ఒంట్లో ఏమైందో రాయించారు. 323 సందర్భాలు నమోదైతే, వాటిలో నూటికి 83కు పైగా స్వల్పం నుంచి తీవ్రం దాకా ఏదో ఒక విష లక్షణం కనిపించింది. నూటికి 6 సార్లు నరాల మీద అతి తీవ్రమైన ప్రభావం పడింది. ఇంత జరిగినా డాక్టరు దగ్గరికి పోయినవాళ్లు ఒక్కరూ లేరు. ఒక్కరంటే ఒక్కరు! మందు కలిపిచ్చే, పంపులో నింపే ఆడవాళ్ల మీదా ఈ విషం పనిచేసిందని అదే పరిశోధన చెప్పింది. పంపు పట్టుకున్నవాడి మీదనే మన చూపు ఉంటుంది. బిందెతో నీళ్లు తెచ్చి, కట్టెతో మందు కలిపి, అవే చేతులతో ఇంటికొచ్చి బువ్వ వండే తల్లిని ఎవరు చూస్తారు?

మన ఊళ్లలో ఇది రోజూ చూసేదే. మందు కొట్టి వచ్చి తల తిరుగుతున్నదంటే చింతపండు రసం తాపుతారు, మజ్జిగ ఇస్తారు. మరీ ఎక్కువైతే ఆరెంపీ సెలైన్ ఎక్కిస్తాడు. తెల్లారి మళ్లీ చేనుకు. "మందు వాసన పట్టింది" అంటారు తప్ప విషం ఎక్కింది అనరు. మన నోట్లోనే దానికి సరైన పేరు లేదు! మందు అంటే ప్రాణం పోసేది. ప్రాణం తీసేదాన్ని కూడా మందు అనటం మనకు ఎవరు నేర్పారు?

ఈ విషం ఎట్లా పనిచేస్తుందో రైతు బిడ్డలకు తెలియాలి. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ లాంటివి ఒకే కుటుంబం మందులు. పురుగు నరాలను పట్టినట్టే మనిషి నరాలనూ పడతాయి. నరానికీ కండకూ నడుమ సంకేతాన్ని ఆపే ఒక ఎంజైము మన ఒంట్లో ఉంటుంది. ఈ మందులు దాన్ని పనిచేయనీయవు. అప్పుడు నోట్లోంచి చొంగ, కళ్లవెంట నీళ్లు, ఒళ్లంతా చెమట, కండరాల అదురు, కంటిపాప సూదిమొనంత కావటం, చివరికి ఊపిరి ఆగటం. సకాలంలో ఎట్రోపిన్ ఇస్తే బతుకుతారు. ఆ ఎంజైము ఎంత పడిపోయిందో రక్తపరీక్ష చేస్తే తెలుస్తుంది. ఆ పరీక్ష వెంటనే చేయాలి. రోజులు గడిచినకొద్దీ ఎంజైము మళ్లీ పెరుగుతుంది, రుజువు చెరిగిపోతుంది. 2017లో యవత్మాల్ సర్కారు వైద్య కళాశాల ఆసుపత్రిలో ఆ పరీక్షకు సదుపాయమే లేదని అప్పట్లో వార్తలొచ్చాయి. పరీక్ష లేదు కాబట్టి రుజువు లేదు. రుజువు లేదు కాబట్టి బాధితుడు లేడు. బాధితుడే లేకపోతే పరిహారం ఎవరికి?

చట్టాలు ఏం చెబుతున్నయ్?

పురుగుమందుల చట్టం 1968 నాటిది. ఏ మందును రిజిస్టరు చేయాలి, ఎవరు తయారు చేయాలి, ఎవరు అమ్మాలి అన్నవే అందులో ఎక్కువ. విషం సోకిన మనిషికి ఇంత పరిహారం అన్న మాట అందులో వెతికినా దొరకదు. అయితే 26వ సెక్షన్ అని ఒకటుంది. పురుగుమందు వాడుతుండగా విషం సోకిన ప్రతి ఘటననూ ఫలానావాళ్లు రిపోర్టు చేయాలని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఆదేశించవచ్చు. ఢిల్లీకి పోవలసిన పని లేదు. రాష్ట్రం తలచుకుంటే చాలు. దాదాపు 6 దశాబ్దాలుగా ఈ సెక్షన్ పుస్తకంలో ఉంది. మన మండల కేంద్రాల దవాఖానల్లో, ఆరెంపీల గదుల్లో అది ఉన్నట్టు ఎవరికన్నా అనిపించిందా?

కార్మికుల నష్టపరిహారం కోసం 1923లో వచ్చిన చట్టం ఇంకొకటి. వ్యవసాయ పనుల్లో పురుగుమందులు చల్లే కూలి పేరు దాని జాబితాలో స్పష్టంగా ఉంది. 2025 నవంబరులో ఆ చట్టాన్ని సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. చట్టంలో పేరున్నా లాభమేమిటి? ఆ చట్టం ప్రకారం డబ్బు కట్టాల్సింది పనికి పెట్టుకున్న యజమాని. మన దగ్గర ఆ యజమాని ఎవరు? 3 ఎకరాలు కౌలుకు పట్టి, తానే అప్పుల్లో ఉన్న ఇంకో రైతు. కూలి పోయి ఆ రైతు మీద కేసు వేయాలట! విషం తయారు చేసినవాడు, అమ్మినవాడు, అనుమతిచ్చినవాడు చల్లగా ఉంటారు. బీదోడూ బీదోడూ కోర్టులో కొట్లాడుకోవాలి.

మన రాష్ట్రంలో 2018 ఆగస్టులో రైతుబీమా మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. మంచి పథకమే, కాదనం. కారణం అడగకుండా ఇవ్వటం గొప్ప సంగతే. అయితే మూడు చోట్ల అది మన సమస్యకు అందలేదు. పట్టా లేని కౌలు రైతుకు, కూలికి అందులో చోటు లేదు. 60 దాటిన ముసలి రైతుకు చోటు లేదు. అన్నిటికంటే ముఖ్యంగా అది చావుకే తప్ప రోగానికి కాదు. చూపు పోయినా, చేతులు వణికినా, మంచాన పడ్డా చచ్చేదాకా ఆగాల్సిందే. ఇంకో మాట, కారణం అడగని పథకం కారణాన్ని రాయదు కూడా. 5 లక్షలు ముడుతాయి, విషం పేరు మాత్రం ఎక్కడా రాదు.

కొత్త చట్టం తెస్తామని 2008లో ఒక బిల్లు, 2020లో ఇంకో బిల్లు రాజ్యసభలో పెట్టారు. రెండూ మూలనపడ్డాయి. 2020 మేలో కేంద్రం 27 మందులను నిషేధిస్తామని ముసాయిదా తెచ్చింది. కంపెనీలు గగ్గోలు పెట్టాయి. 2023కు వచ్చేసరికి ఆ 27లో పూర్తిగా నిషేధించినవి మూడే, వాటికి తోడు మోనోక్రోటోఫాస్ ఒక రూపాన్ని దశలవారీగా ఆపుతామన్నారు. 2013లో బీహార్‌లోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది ఈ మోనోక్రోటోఫాస్ వల్లనే. పిల్లలు చచ్చిన పదేళ్లకు గాని పాలకులకు తెలివి రాలేదు.

కొట్లాడితే వచ్చింది

పేరు లేని బాధితులకు పేరు తెచ్చుకున్న చోట్లు కూడా ఉన్నాయి. వాటి నుంచి మనం నేర్చుకోవాలి.

కేరళలో కాసరగోడ్. అక్కడ ప్రభుత్వ రంగ సంస్థకు చెందిన జీడిమామిడి తోటల మీద 1970ల చివరి నుంచి 2000 దాకా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. తోటల నడుమ ఊళ్లున్నాయి, వాగులున్నాయి, బడులున్నాయి. వింత రోగాలతో, పెద్ద తలలతో, ఎదుగుదల లేకుండా పిల్లలు పుట్టారు. మొదట ఇది గమనించిన వాళ్లలో ఊళ్లో వైద్యం చేసే డాక్టర్ మోహన్ కుమార్ ఒకరు. కోర్టుకు పోయింది లీలాకుమారి అమ్మ. ఆమె వ్యవసాయ శాఖలో చిన్న ఉద్యోగి. ఏ శాఖ మందులు కొట్టమని చెబుతుందో ఆ శాఖ ఉద్యోగే 1998లో ఆ మందు మీద కేసు వేసింది! 2000లో హెలికాప్టర్లు ఆగాయి. మన ఉద్యోగ మిత్రులు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

చల్లటం ఆగినా న్యాయం రావటానికి ఇంకా ఎన్నేళ్లు పట్టింది? 2010 డిసెంబరులో జాతీయ మానవ హక్కుల సంఘం పరిహారం ఇవ్వమంది. 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను ఆపింది. 2017 జనవరిలో ప్రతి బాధితునికీ 5 లక్షలు 3 నెలల్లో ఇవ్వాలని ఆదేశించింది. 3 నెలలు పోయి 5 ఏళ్లయినా అందలేదు. 2022 మేలో సుప్రీంకోర్టు ముందుకు కోర్టుధిక్కార కేసు వచ్చినప్పుడు తేలిందేమంటే, 3,704 మంది బాధితుల్లో డబ్బు ముట్టింది 8 మందికి. ఆ 8 మంది కోర్టుకు వచ్చినవాళ్లు! మధ్యలో 2019 జనవరి చివర తల్లులు రోగిష్టి పిల్లలను ఎత్తుకొని వచ్చి తిరువనంతపురంలో సెక్రటేరియట్ ముందు కూర్చున్నారు. వాళ్లు అడిగింది ఏమిటి? మా పిల్లల పేర్లు బాధితుల జాబితాలో ఎక్కించండి అని. జాబితా! అన్నింటికీ మొదలు అదే.

ఇక ఫ్రాన్స్. మన దగ్గరోళ్లు చదువు లేక చస్తున్నారనే పెద్దమనుషులు ఈ కథ వినాలి. పాల్ ఫ్రాంస్వా అనే ధాన్యం రైతు, చదువుకున్నవాడు, ట్రాక్టర్లు, యంత్రాలు ఉన్నవాడు. 2004 ఏప్రిల్‌లో మొన్శాంటో కంపెనీ లాస్సో అనే కలుపుమందు ట్యాంకు మూత తీసి లోపలికి చూశాడు. ఆవిరి మొహానికి కొట్టింది. పడిపోయాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి తలనొప్పులు, నరాల జబ్బులు. అక్కడా రైతుల బీమా సంస్థ మొదట ఇది పని వల్ల వచ్చిన రోగం కాదన్నది. కోర్టుకు పోయి ఒప్పించాడు. 2012లో లియోన్ కోర్టు కంపెనీదే బాధ్యత అని తీర్పిచ్చింది. కంపెనీ అప్పీళ్ల మీద అప్పీళ్లు వేసింది. 2020 అక్టోబరులో దేశంలోని పై కోర్టు తీర్పుతో గాని అది తేలలేదు. 16 ఏళ్లు! 2022లో చివరికి కోర్టు ఇప్పించింది 11,135 యూరోలు. అతను అడిగిన దాంట్లో అది నూటికి రెండో వంతు కూడా కాదు.

అయితే అతను ఒంటరిగా ఆగలేదు. 2011లో బాధిత రైతులతో సంఘం పెట్టారు. రైతులే ఒకరినొకరు వెతుక్కున్నారు. 2012లో ఆ దేశం పురుగుమందుల వల్ల వచ్చే పార్కిన్సన్ రోగాన్ని, అంటే వణుకుడు రోగాన్ని, రైతుల వృత్తి రోగంగా గుర్తించింది. 2015లో లింఫోమా అనే క్యాన్సర్‌ను చేర్చింది. 2020లో పురుగుమందుల బాధితులకు పరిహార నిధి పెట్టింది. దానికి డబ్బు ఎక్కడిది? పురుగుమందుల అమ్మకాల మీద వేసిన పన్ను నుంచి వచ్చింది. 2021 చివర ప్రోస్టేట్ క్యాన్సర్‌ను కూడా జాబితాలో కలిపింది. ఒకసారి జాబితాలో ఎక్కితే, ఫలానా ఏళ్లు ఈ పని చేశాను అని చూపితే చాలు. ఈ డబ్బా వల్లనే నాకు ఈ రోగం వచ్చింది అని ఒక్కో రైతూ రుజువు చేయనక్కర లేదు. రుజువు చేసే బరువు రోగిష్టి భుజం మీది నుంచి దిగింది.

యవత్మాల్ బాధితులూ ఊరుకోలేదు. సంఘం పెట్టుకున్నారు. 2020లో 51 కుటుంబాల తరఫున స్విట్జర్లాండ్‌లో ఫిర్యాదు చేశారు. 2021లో భర్తలను పోగొట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు, ప్రాణాలతో బయటపడ్డ ఒక రైతు కలిసి సింజెంటా కంపెనీ మీద ఆ కంపెనీ సొంత ఊరు బాసెల్ కోర్టులో కేసు వేశారు. ఆ కంపెనీ మందు పోలోకు స్విట్జర్లాండ్‌లో గాని, యూరప్ యూనియన్‌లో గాని వాడే అనుమతి లేదు. అక్కడ కొట్టరానిది ఇక్కడ కొట్టవచ్చట! కంపెనీ మాత్రం మా మందు వల్ల కాదని అంటున్నది. ఇక్కడ మనం పట్టుకోవలసిన దారం ఒకటుంది. ఆ కేసు అంత దూరం పోవటానికి ఆధారం ఏమిటో తెలుసా? 2017లో యవత్మాల్ పోలీసులు రాసుకున్న కాగితాలు. 96 విషప్రయోగ ఘటనల్లో, అందులో 2 చావుల్లో, ఆ మందు పేరు రాసి ఉందని బాధితుల వెంట నిలిచిన సంస్థలు చూపించాయి. ఒక కానిస్టేబులు మందు పేరు రాసినందుకు పెన్‌గంగ ఒడ్డున ఉన్న ఇల్లాలు బాసెల్ దాకా పోగలిగింది. పేరు రాయకపోతే పక్కనున్న తాలూకా కోర్టుకు కూడా పోలేకపోయేది.

మనం ఏం అడగాలె?

26వ సెక్షన్ కింద నోటిఫికేషన్ ఇచ్చి, ప్రైమరీ హెల్త్ సెంటర్ నుంచి ప్రైవేటు నర్సింగ్ హోముల దాకా పురుగుమందు విషం కేసు ప్రతిదీ రిపోర్టు చేయించాలి. ఆ కాగితంలో తాగిందా, పనిలో సోకిందా అన్న గడి వేరుగా ఉండాలి. మందు పేరు, డబ్బా నంబరు రాయాలి. పత్తి, మిరప పండే ప్రతి ప్రాంతంలో ఏరియా ఆసుపత్రుల్లో ఎంజైము పరీక్ష, ఎట్రోపిన్ నిల్వ సీజనుకు ముందే ఉండాలి. రోగం పాలైనవాళ్లకు కూడా పరిహారం ఇవ్వాలి. అందులో కౌలు రైతు, కూలి, ఆడమనిషి ఎవరూ తప్పిపోకూడదు. పాసుపుస్తకం అడగొద్దు. ఆ నిధికి డబ్బు కంపెనీల అమ్మకాల మీద లెవీ వేసి తేవాలి, రైతు కొనే ధర పెంచి కాదు. ఏ ఏ దీర్ఘ రోగాలను మందు కొట్టే పనివల్ల వచ్చినవిగా గుర్తించాలో వైద్య నిపుణులతో ఒక జాబితా చేయించాలి.

మందు లేకుంటే పంట రాదు గదా, కంపెనీల మీద పన్నులేస్తే రైతే నష్టపోడా అని అడిగేవాళ్లుంటారు. పాల్వంచ దగ్గరి పునుకుల రైతులు ఒకప్పుడు మందుల అప్పుల్లో మునిగి తేలినవాళ్లే. వేప కషాయాలతో, ఎర పంటలతో పురుగును అదుపు చేసి, 2000ల మొదట్లోనే పురుగుమందు లేకుండా పత్తి పండించి చూపించారు. జనగామ దగ్గరి ఏనెబావి ఊరంతా అదే దారి పట్టింది. దారి లేదనేది అబద్ధం. ఆ దారికి సర్కారు సాయం లేదనేది నిజం. ఆ దారి ఊరూరా పడేదాకా విషం మోసేవాళ్లకు పరిహారం ఇవ్వటం తప్పని బాధ్యత.

విద్యార్థి మిత్రులారా! దసరా సెలవులకు ఊరికి పోతారు. పత్తికి మందు కొట్టే కాలం అదే. ఒక నోటుబుక్కు పట్టుకొని మీ వాడలో అడగండి. ఈ సీజనులో మందు కొట్టి ఎవరు పడిపోయారు? ఏ మందు? ఎక్కడ చూపించుకున్నారు? ఎంత ఖర్చయింది? ఊరికి ఒక్క పేజీ రాసినా అది సర్కారు దగ్గర లేని లెక్క. ఖాళీ డబ్బా పారేయొద్దనీ, దుకాణం బిల్లు అడిగి తీసుకొమ్మనీ, దవాఖానకు పోతే "మందు కొడుతుండగా" అన్న మాట కేసు షీటు మీద రాయించుకొమ్మనీ ఇంట్లో చెప్పండి. వైద్య విద్యార్థులు, నర్సులు, పోలీసు, రెవెన్యూ, వ్యవసాయ శాఖల్లో ఉన్న మన ఉద్యోగులు ఆ ఒక్క మాట రాస్తే చాలు. అది మీ కలం ఖర్చే. ఒక కుటుంబానికి అదే ఆధారం.

మనం లెక్కలడిగి నిలబడ్డ జనం. నీళ్లలో మన వాటా ఎంత, కొలువుల్లో మన వాటా ఎంత అని అంకె అంకె లెక్కగట్టి అడిగినం. లెక్క చూపించినంకనే మన మాటను దేశం విన్నది. 2014లో రాష్ట్రం తెచ్చుకున్న చేతులతోనే ఈ లెక్క కూడా మొదలుపెట్టాలె.

వచ్చే వానకాలం మళ్లీ పత్తి నెత్తి మీదికి వస్తది. పంపు వీపుకెక్కుతది. దవాఖానల మళ్లీ అదే ప్రశ్న పడుతది, "ఎందుకు తాగిండు?" అని. అప్పుడు ఆ ఇంటామె పక్కన మనలో ఒకరు నిలబడి చెప్పాలె. తాగలేదు సారూ, పీల్చిండు. గట్లనే రాయుండ్రి!